గాజుపెట్టెలో తోట

లండను నగరపు తూర్పుభాగమున, ఓడరేవులకు చేరువలో, వెల్‌క్లోజ్ స్క్వేర్ అను పేటయందు నాథేనియల్ బాగ్‌షా వార్డ్ అను వైద్యుడు నివసించుచుండెను. ఆయన 1791లో జన్మించెను. తండ్రియు వైద్యుడే. పదుమూడేండ్ల ప్రాయమున వార్డ్ ఓడ నెక్కి జమైకా ద్వీపమునకు పోయి, అచ్చటి తాళవృక్షములను, ఫెర్న్ మొక్కలను చూచి ముగ్ధుడయ్యెను. నావికుడు కావలెనను కోరిక ఆ ప్రయాణముతోనే తీరిపోయినది గాని, మొక్కలపై మక్కువ మాత్రము జీవితాంతము విడువలేదు.

పెద్దవాడై వైద్యవృత్తి నవలంబించిన పిదప ఆయన తన పెరటిలో రాళ్లతో చిన్న గుట్టను కట్టి, దానిపై నీరు జాలువారునట్లు గొట్టము నమర్చి, ఫెర్న్ మొక్కలను నాటెను. అవి బ్రతుకలేదు. చుట్టును కర్మాగారములు, ఇంటింట బొగ్గుపొయ్యిలు. మసి కప్పిన ఆకులు క్రమముగా వాడిపోయెను. ఎన్నిసార్లు నాటినను అదే గతి పట్టుటచే ఆయన విసిగి ఆ ప్రయత్నము మానుకొనెను.

1829లో ఆయన మరియొక పనిలో నుండెను. రాత్రులందెగురు చిలుకజాతి పురుగు గూటినుండి వెలువడు విధమును చూడగోరి, దానిని తడిమట్టిలో పాతిపెట్టి, వెడల్పుమూతి గల గాజుసీసాలో నుంచి మూత బిగించెను. పగటివేళ మట్టిలోని తేమ ఆవిరియై లేచి, గాజునకు తగిలి, నీటిబొట్లుగా మారి తిరిగి మట్టిలోనికే దిగుచుండెను. కొలది దినములలో ఆ మట్టినుండి ఒక ఫెర్న్ మొలకయు, ఒక గడ్డిపరకయు తలలెత్తినవి. పెరటిలో ఎంత శ్రమించినను బ్రతుకని మొక్క, ఎవరును నాటకయే సీసాలో మొలిచినది! వార్డ్ పురుగు సంగతి మఱచి, సీసాను తన గది కిటికీ వెలుపల నుంచెను. ఇంచుమించు నాలుగేండ్లు చుక్క నీరైనను పోయకుండ ఆ మొక్కలు పెరిగినవి. తుదకు ఆయన ఊరలేని సమయమున మూత తుప్పుపట్టి, వాననీరు లోనికి చొచ్చి అవి నశించెను.

ఆ కాలమున దూరదేశముల మొక్కలను ఓడలపై తెచ్చుట మిక్కిలి కష్టము. ఉప్పుగాలి, సముద్రపు తుంపరలు, మంచినీటి కొరత వానిని చంపుచుండెను. చీనానుండి పంపిన మొక్కలలో వేయింటి కొక్కటియే బ్రతుకుచున్నదని 1819లో మకావోలోని ఒక ఆంగ్లవైద్యుడు అంచనా కట్టెను. తన సీసాయే ఈ చిక్కునకు తరణోపాయమని వార్డ్ భావించెను. గట్టికొయ్యతో పెట్టెలు చేయించి, పైన రెండువైపుల వాలుగా గాజుపలకలు బిగించి, సందులు పూడ్పించెను. 1833లో అట్టి పెట్టెలు రెండింటిని ఫెర్న్‌లతోను, గడ్డిమొక్కలతోను నింపి చార్లెస్ మాలార్డ్ అను నావికునికి అప్పగించి ఆస్ట్రేలియాకు పంపెను. రెండుమూడు తప్ప తక్కినవన్నియు పచ్చగా చేరినవి.

అసలు పరీక్ష తిరుగుప్రయాణమున జరిగెను. 1834 ఫిబ్రవరిలో సిడ్నీలో అచ్చటి మొక్కలను అవే పెట్టెలలో నాటి ఓడ నెక్కించిరి. అప్పుడు వేడిమి ఫారన్‌హీట్ మానమున 90 డిగ్రీలు దాటియుండెను. హార్న్ అగ్రము చుట్టివచ్చునప్పుడు 20 డిగ్రీలకు దిగి, ఓడపై అడుగు మందమున మంచు పేరుకొనెను. భూమధ్యరేఖ కడ వేడి 120 డిగ్రీలకు చేరెను. ఎనిమిది మాసముల పిమ్మట ఓడ లండను చేరినప్పుడు వార్డ్, తన మిత్రుడును తోటల వ్యాపారియు నగు జార్జి లోడిజెస్‌తో కూడి పైకెక్కి చూచెను. అంతవరకు ఇంగ్లండు ప్రాణముతో చూడని ఫెర్న్ జాతి యొకటి అందు కళకళలాడుచుండెను.

ఇట్టి పెట్టెను బాలురును చేయవచ్చును. కొయ్యచట్టము లోపలివైపు తడి పీల్చకుండ రంగు పూయవలెను. అడుగున గులకరాళ్లు, వానిపై మట్టి పరచి, ఒక్కసారి మితముగ నీరు చల్లి మూయవలెను. నేరుటెండలో నుంచినచో ఆకులు ఉడికిపోవును. నీరెక్కువైనచో వేళ్లు కుళ్లును.

వార్డ్ తన అనుభవములను 1842లో గ్రంథముగ ప్రకటించెను. బీదల యిండ్లలోను ఇట్టి తోటలుండవలెనని ఆయన ఆశ. 1845 వరకు గాజుపై పన్నుండుటచే ఆ ఆశ నెరవేరుట సులభము కాలేదు. పెట్టెలు మాత్రము ప్రపంచమంతయు తిరిగెను. రాబర్ట్ ఫార్చ్యూన్ చీనానుండి తేయాకుమొక్కలను ఈ పెట్టెలలోనే హిమాలయ ప్రాంతములకు పంపెను. మట్టిలో చల్లిన తేయాకు గింజలు దారిలోనే మొలకెత్తుట ఆయనకే వింత గొలిపెను. 1860లో నీలగిరులకు వచ్చిన సింకోనా మొక్కలు ఎఱ్ఱసముద్రపు వేడిమి దాటివచ్చి దాదాపు అన్నియు చచ్చెను. మఱుసటి యేడు వచ్చినవి నిలిచి, మలేరియా జ్వరమునకు మందైన క్వినైను మనదేశముననే లభించుటకు దారితీసెను. ఈ పెట్టెల వలన వర్తక కంపెనీలు ఎంతో ధనము గడించినవి. మట్టితోపాటు చీడపురుగులును దేశములు దాటినవి. ఆ సంగతి యోచించినవారు నాడు లేరు.

1851లో లండనున జరిగిన మహాప్రదర్శనమున వార్డ్ ఒక సీసాను ఉంచెను. అందలి మొక్కలకు పదునెనిమిదేండ్లుగా నీరు పోయలేదు. మఱుసటి యేడు ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. పెట్టెపై హక్కుపత్రము పొందలేదు. ఎవరడిగినను చేయువిధము చెప్పుచుండెను. ఆయన 1868లో మరణించెను. లండనులోని నార్వుడ్ శ్మశానమున ఆయన సమాధిపై గుర్తురాయి లేదు.