తెరపై కనిపించడమే నేరమైన రోజీ

మూకీల చరిత్రలో నేను స్టూడియోల పేర్ల వద్ద కాక పి.కె. రోజీ పేరు వద్ద ఆగుతాను. తిరువనంతపురంలో జె.సి. డేనియల్ ఆస్తులమ్మి ట్రావన్‌కోర్ నేషనల్ పిక్చర్స్ స్థాపించి, తొలి మలయాళ చిత్రం ‘విగతకుమారన్’ తీశారు. కూలి చేసుకుంటూ జానపద నాటకాలాడిన పులయ స్త్రీ రోజీ అందులో సరోజిని అనే నాయర్ యువతి పాత్ర ధరించారు.

క్యాపిటల్ థియేటర్‌లో తొలి ప్రదర్శననాడు ఆమెను లోనికి రానివ్వలేదు. అగ్రకుల ప్రేక్షకులు తెరపై రాళ్లు రువ్వారు. ప్రాణభయంతో ఊరు విడిచిన రోజీ తమిళనాట రాజమ్మాళ్‌గా అజ్ఞాతంగా బతికారు. మళ్లీ ఏ చిత్రంలోనూ కనిపించలేదు.

మూకీలో గొంతు వినిపించదు. యాసకు తప్పుపట్టే వీలు లేదు. దళిత స్త్రీ నాయర్ వనితగా కనిపించడమే నేరమైంది. తిరువాన్కూరు సంస్థానంలో దళితులకు ఆలయ ద్వారాలు 1936లో తెరుచుకున్నాయి. అంతకుముందే వెలసిన సినిమా హాలుకు ఏ ఆగమశాస్త్రమూ లేదు. అయినా గుమ్మం వద్ద కులమే కాపలా కాసింది. యంత్రం తనంత తాను సమానత్వాన్ని తేదని రోజీ జీవితం నాకు నేర్పింది.

నష్టపోయిన డేనియల్ పేరిట నేడు కేరళ ప్రభుత్వ పురస్కారం ఉంది. తొలి కథానాయికకు మాత్రం తన చిత్రాన్ని తాను చూసుకునే కుర్చీ కూడా దక్కలేదు.