ముంగిట్లో బడి పెట్టిన తారాబాయి మోదక్

ప్రతి సంచికలోనూ అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి వ్యాసాలు వస్తున్నాయి. రావాలి కూడా. ఈసారి మేము మరొకరి గురించి రాయదలచుకున్నాము. మహారాష్ట్రలో, గుజరాత్‌లో ఆమె పేరు బాగా ప్రసిద్ధి. మన దగ్గర ఆమె పేరు విన్నవారు తక్కువ, కానీ ఆమె వాడుకలోకి తెచ్చిన మాట మాత్రం మన ఊళ్ళలో రోజూ వినబడుతుంది. ఆ మాట అంగన్‌వాడీ. ఆంగన్ అంటే వాకిలి, ముంగిలి. వాడీ అంటే తోట. మనలో చాలామందికి మొదటి బడి అదే. అక్కడ ఏమి చదివామో గుర్తుండదు గాని చేతులు తిప్పుతూ పాడిన పాటలు మాత్రం నేటికీ గుర్తుంటాయి. ఆ పాటలు చిన్నపిల్లల చదువులోకి ఎలా వచ్చాయో తెలుసుకోవాలంటే తారాబాయి మోదక్ జీవితం తెలుసుకోవాలి.

తారాబాయి 1892 ఏప్రిల్ 19న బొంబాయిలో పుట్టారు. పుట్టింటివారు కేల్కర్లు, ప్రార్థనా సమాజంతో సంబంధం ఉన్న కుటుంబం. ఆడపిల్లకు చదువెందుకని ఊరంతా అనుకునే రోజుల్లో 1914లో బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి పట్టా పుచ్చుకున్నారు. మా ఇంట్లో డిగ్రీ అనే కాగితాన్ని మొదట పట్టుకున్నది మేమే కాబట్టి, నూరేళ్ళ కిందట ఒక ఆడమనిషి చేతిలో ఆ కాగితం ఎంత బరువుగా ఉండి ఉంటుందో కొంచెం ఊహించగలము. ఆమె వైవాహిక జీవితం నిలవలేదు. చిన్న కూతురిని వెంటబెట్టుకుని రాజ్‌కోట్ వెళ్ళి, అక్కడి మహిళా ట్రైనింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. మంచి ఉద్యోగం, మంచి హోదా. దానిని వదులుకుని 1920ల మొదట్లో భావనగర్ చేరారు. కారణం గిజూభాయి బధేకా.

గిజూభాయి వృత్తిరీత్యా వకీలు. ఆ పని మానేసి 1920లో భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చిన్నపిల్లల కోసం బాలమందిరం తెరిచారు. ఆయన రాసిన ఒక పుస్తకం తెలుగులో పగటికల పేరుతో వచ్చింది, బి.ఇడి. చేస్తున్న మిత్రులకు తెలిసే ఉంటుంది. ఇటలీకి చెందిన మేడమ్ మాంటిస్సోరి పద్ధతిని ఆయన ఇష్టపడ్డారు గాని ఉన్నదున్నట్టు తీసుకోలేదు. మాంటిస్సోరికి పసిపిల్లలకు కల్పిత కథలు చెప్పడం పెద్దగా నచ్చదు. గిజూభాయి మాత్రం పల్లెల్లో అవ్వలు చెప్పే కథలను, జానపద గేయాలను ఏరి తెచ్చి బడిలో కూర్చోబెట్టారు. పిల్లవాడికి ఇల్లు, బడి వేరువేరు లోకాలుగా తోచకూడదని ఆయన తాపత్రయం. తారాబాయి మాతృభాష మరాఠీ, ఆ పిల్లలది గుజరాతీ. తన భాష కాని భాషలో పసివాళ్ళ మధ్య పనిచేయడం ఆమెకు అక్కడే అలవాటైంది. 1926లో ఇద్దరూ కలిసి నూతన బాల శిక్షణ సంఘం స్థాపించారు. శిక్షణ పత్రిక అనే మాసపత్రిక మరాఠీలో ఆమె ద్వారా తల్లిదండ్రుల చేతికి చేరింది. 1936లో బొంబాయి దాదర్‌లో శిశువిహార్ మొదలైంది. 1939లో గిజూభాయి కన్నుమూశారు.

ఇంతవరకు జరిగినది పట్నం కథ. ఫీజు కట్టగల ఇళ్ళ పిల్లల కథ. ఇక్కడితో ఆగి ఉంటే ఆమె గురించి మేము ఈ పుటలు నింపేవాళ్ళం కాదు.

1945లో, యాభై మూడేళ్ళ వయసులో, ఆమె బొంబాయి వదిలి బోర్డీ అనే సముద్రతీర గ్రామానికి వెళ్ళారు. అప్పుడది ఠాణే జిల్లా. 2014 నుంచి పాల్ఘర్ జిల్లాలో ఉంది. గుజరాత్ సరిహద్దు పక్కనే. అక్కడ మరాఠీ మాట్లాడేవారు, గుజరాతీ మాట్లాడేవారు, తోటలున్న పార్సీలు, వాళ్ళందరి పొలాల్లో పనిచేసే వార్లీ ఆదివాసులు కలగలిసి ఉంటారు. వార్లీల మాట మరాఠీకి దగ్గరే, గుజరాతీ వాసన కూడా ఉంటుంది. కానీ బడిలో పంతులు పలికే మరాఠీ వాళ్ళ పిల్లలకు పరాయిదే. ఆమెతోపాటు అక్కడికి వచ్చిన అనుతాయి వాఘ్ పదమూడేళ్ళకే పెళ్ళయి, నెలల్లోనే భర్తను పోగొట్టుకుని, తర్వాత కష్టపడి చదువుకుని టీచరైన మనిషి. ఈ ఇద్దరి పేర్లు కలిపే చెప్పుకోవాలి.

బడి పెట్టారు గాని వార్లీ పిల్లలు రాలేదు. ఎలా వస్తారు? అయిదేళ్ళ పిల్ల చంకలో ఏడాది తమ్ముడు ఉంటాడు. ఏడేళ్ళవాడు మేకల వెంట పోవాలి, పుల్లలు ఏరాలి. అప్పుడు తారాబాయి తీసుకున్న నిర్ణయమే మాకు ఆమె జీవితంలోకెల్లా పెద్దదిగా కనిపిస్తుంది. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల దగ్గరికి పోవాలి. టీచర్లు గూడేనికి నడిచివెళ్ళి ఎవరో ఒకరి ముంగిట్లో చాప పరిచేవారు. పిల్లలకు ముఖాలు కడిగేవారు, తలలు దువ్వేవారు, పాట అందుకునేవారు. మాంటిస్సోరి సామాను ఖరీదైనది, కొనే స్థోమత లేదు. అందుకని గవ్వలు, గులకరాళ్ళు, గింజలు, ఆకులు, పుల్లలే ఉపకరణాలయ్యాయి. అదే అంగన్‌వాడీ. తర్వాత 1950లలో కేంద్రం దగ్గరలోని కోస్‌బాడ్ కొండ మీదికి మారింది. అక్కడ శిశువులకు ఉయ్యాల గది, బాలవాడి, ప్రాథమిక బడి ఒకే కప్పు కింద ఉండేలా వికాస్‌వాడీ ఏర్పాటైంది. తమ్ముణ్ణి ఉయ్యాలలో వేసి అక్క పక్కగదిలో కూర్చోవచ్చు. పశువులు కాసే పిల్లల కోసం మేత బీళ్ళలోనే బడి నడిపారు.

పాట ఎందుకు అంత పనిచేసింది? ఇది మేము కొంచెం ఆగి చెప్పదలచుకున్నాము. భాష రాని పిల్లవాణ్ణి లేపి ప్రశ్న అడిగితే వాడు ఒంటరిగా నిలబడాలి, తప్పు చెబితే నలుగురూ నవ్వుతారు. పాటలో అలా కాదు. పది గొంతుల మధ్య వాడి గొంతు కలిసిపోతుంది. మాట రాకపోయినా తాళం వస్తుంది, చప్పట్లు కొడతాడు. చేయి చూపిస్తూ చేయి అని, ముక్కు పట్టుకుని ముక్కు అని పాడుతుంటే అనువాదం అక్కర్లేకుండానే మాటకు అర్థం తెలుస్తుంది. రోజూ అదే చరణం వస్తుంది కాబట్టి వాక్యం ఎలా నడుస్తుందో చెవికి పట్టుబడుతుంది. పైగా వార్లీ పిల్లలకు ఆటపాటలు కొత్తా? ఎండిన సొరకాయ బుర్రతో చేసిన తార్పా అనే ఊదుడు వాద్యం వాళ్ళది. కోతల కాలంలో వాద్యగాడు మధ్యలో ఉంటే ఊరంతా చేతులు పట్టుకుని అతని చుట్టూ తిరుగుతుంది. మాంటిస్సోరి బడిలో కూడా నేల మీద గీసిన గుండ్రటి గీత మీద సంగీతానికి తగ్గట్టు పిల్లలను నడిపిస్తారు. ఇటలీ గీత, వార్లీ వలయం ఒకలాగే ఉన్నాయనేది మాకు తోచిన పోలిక.

మన హాస్టల్లోనూ ఇంట్లో గోర్‌బోలి మాట్లాడేవారు, ఉర్దూ మాట్లాడేవారు, కోయ మాట్లాడేవారు ఉన్నారు. ఒకటో తరగతిలో టీచరు మాట అర్థంకాక వెనక బెంచీలో మౌనంగా గడిపిన సంవత్సరం గురించి రాత్రి భోజనాల తర్వాత ఎన్నోసార్లు మాట్లాడుకున్నాము. వాళ్ళు మొద్దులు కారు, వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు ఎం.ఎస్సీ. చేస్తున్నారు. ఆ సంవత్సరం ఎవరైనా వాళ్ళ తండా పాట ఒకటి పాడించి ఉంటే బాగుండేదని వాళ్ళే అంటారు. మన రాష్ట్రం ఉమ్మడిగా ఉన్నప్పుడు 2004లో 8 గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టారు. అది బోర్డీ ముంగిలికి దాదాపు అరవై ఏళ్ళ తర్వాతి మాట.

అయితే పొగడ్తతోనే సరిపెట్టడం మాకు ఇష్టం లేదు. ఆమె బోర్డీ వచ్చిన 1945లోనే ఆ ప్రాంతపు వార్లీలు గోదావరి పరులేకర్ నాయకత్వంలో వెట్టిచాకిరీకి ఎదురుతిరిగారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. భూస్వామి పొలంలో వెట్టి చేసే తల్లి బిడ్డకు పాట నేర్పితే చాలునా అని ఎవరైనా అడిగితే, చాలదనే మా సమాధానం. వెట్టి పోయాకనే పిల్లకు ముంగిట్లో కూర్చునే తీరిక దొరుకుతుంది. కానీ వెట్టి పోయినంత మాత్రాన ఆ పిల్ల నోరు తెరుస్తుందా? అదీ జరగదు. పరులేకర్ పని, తారాబాయి పని ఒకదానికొకటి పోటీ అని మేము అనుకోము. మరొక లోటు కూడా ఉంది. పాటలతో మొదలైన ఆ చదువు పై తరగతులకు వెళ్ళేసరికి మరాఠీ పుస్తకం దగ్గరికే చేరేది. వార్లీ మాట ముంగిట్లోనే ఆగిపోయింది.

1962లో ప్రభుత్వం తారాబాయికి పద్మభూషణ్ ఇచ్చింది. 1973 ఆగస్టు 31న ఆమె మరణించారు. రెండేళ్ళకు, 1975 అక్టోబరు 2న, సమగ్ర శిశు అభివృద్ధి పథకం 33 చోట్ల ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. దాని కేంద్రాలకు పెట్టిన పేరు అంగన్‌వాడీ. ఆ పేరు దేశమంతా పాకడం చూడటానికి ఆమె లేరు. అనుతాయి ఉన్నారు. 1992లో కన్నుమూసేవరకు కోస్‌బాడ్ పనిని ఆమే నడిపించారు.