గుర్రం బొమ్మ గీసిన బాలుడు

సెలవులొస్తే మన కోనసీమ సంఘాల్లో తల్లిదండ్రుల మొర ఒక్కటే: పిల్లలు కార్టూన్లు వదలడం లేదు! ఆ బొమ్మలకు ప్రాణం పోసిన వాల్ట్ డిస్నీని ఒకసారి తలచుకుందాం. 1901లో షికాగోలో జన్మించిన ఆయనకు తండ్రి తమ సంఘకాపరి పేరే పెట్టారు. మార్సెలీన్‌లో పెరుగుతుండగా పొరుగునున్న డాక్టరుగారు తన గుర్రం బొమ్మ గీయించుకొని డబ్బులిచ్చారు. 1928లో ఆస్వాల్డ్ కుందేలు బొమ్మపై హక్కు తనది కాకుండా పోయింది. అయినా కుంగిపోక, మిత్రుడు అబ్ ఐవర్క్స్‌తో కలిసి మిక్కీ మౌస్‌ను సృష్టించారు. ఇల్లు తాకట్టుపెట్టి తీసిన స్నో వైట్ 1937లో విడుదలై లోకాన్ని మురిపించింది. 1966లో ఆయన కన్నుమూశారు.

టీవీ కట్టేయడం మంచిదే. ఆ చేత్తోనే బిడ్డకొక పెన్సిలిద్దాం, గీసింది అడిగి చూద్దాం. వారి తలాంతును మట్టిలో పాతిపెడితే లెక్క చెప్పవలసింది మనమే.