మీసాల అమ్మ

గుజరాత్‌లో ఒక మగమనిషికి ‘మీసాల అమ్మ’ అని పేరుందంటే మొదట నమ్మబుద్ధి కాలేదు. ఆయన గిజూభాయి బధేకా. ‘పగటికల’ తెలుగులోనూ ఉంది కాబట్టి ఆ పేరు మనలో కొందరు వినే ఉంటారు. నేను మాత్రం ఆయన తండ్రయ్యాక ఏం జరిగిందో చెప్తాను.

1885లో సౌరాష్ట్రలోని చితల్‌లో పుట్టారు. తూర్పు ఆఫ్రికా వెళ్లొచ్చారు, బొంబాయిలో లా చదివారు, ప్లీడరయ్యారు. 1913లో కొడుకు నరేంద్ర పుట్టాడు. వీణ్ణి ఏ బడికి పంపాలి? అప్పటి బడి అంటే బెత్తం, బట్టీ. ఆ వెతుకులాటలో మాంటిస్సోరి రచనలు చేతికొచ్చాయి. ఇంక కోర్టు మీద మనసు నిలవలేదు. 1916లో భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరారు. 1920లో అక్కడే బాలమందిరం పెట్టారు.

మాంటిస్సోరి పద్ధతిలో అక్షరాలు నేర్పే తీరు నాకు భలే నచ్చింది. గరుకు కాగితపు అక్షరాల మీద పిల్లలు వేలు పోనిస్తారు. కన్ను కంటే ముందు చెయ్యి నేర్చుకుంటుందన్నమాట. గిజూభాయి దానికి కథలు జోడించారు. జానపద కథలు పోగుచేసి పిల్లలకు చెప్పేవారు. కథల రుచి మరిగిన పిల్ల పుస్తకం కోసం తనే చెయ్యి చాపుతుందని ఆయన లెక్క.

అయితే బడిలో ఇంత చేసినా, ఇంటికెళ్లి దెబ్బలు తింటే ఏం లాభం? అందుకే అమ్మానాన్నల కోసం విడిగా రాశారు. తల్లిదండ్రులు కావడం కష్టమనేది ఒక పుస్తకం పేరే!

మా వీధిలో బీడీలు చుట్టే అమ్మల్ని పిల్లల చదువు గురించి అడగండి. మాకే అక్షరం రాదు, మేమేం నేర్పుతాం అంటారు. పైగా ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. కానీ కథ చెప్పడానికి అక్షరం ఎందుకు? మా అమ్మమ్మకి సంతకం కూడా రాదు. ఏడు చేపల కథ మధ్యలో ఆపేసి, చేప ఎందుకు ఎండలేదో నాచేతే చెప్పించేది. గిజూభాయి తల్లుల్ని అడిగింది ఇంచుమించు ఇదే.

ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్ మన మహారాష్ట్ర ఆవిడే. 1926లో ఇద్దరూ కలిసి నూతన బాలశిక్షణ సంఘం పెట్టారు. గిజూభాయి 1939లో పోయారు. తర్వాత ఆవిడ బోర్డీ అనే పల్లెకి చేరారు. పేదల పిల్లలు బడికి రాకపోతే, బడినే వాళ్ల ఇళ్ల ముంగిళ్లలోకి తీసుకెళ్లారు.