పేరు లేని సమాధిలో డాక్టర్ రెబెక్కా క్రంప్లర్

ప్రజారోగ్యం చదవాలనుకునే మన విద్యార్థులు రెబెక్కా లీ క్రంప్లర్‌ను తెలుసుకోవాలి. మేము చదివిన సిలబస్‌లోనైతే ఆమె లేరు.

1831లో అమెరికాలోని డెలావేర్‌లో పుట్టారు. ఇరుగుపొరుగు రోగులకు సేవ చేసే బంధువు దగ్గర పెరిగారు. ఏ శిక్షణా లేకుండానే ఎనిమిదేళ్లు నర్సుగా పనిచేశారు. 1864లో బోస్టన్‌లో వైద్య పట్టా అందుకున్నారు. ఆ దేశంలో డాక్టరైన తొలి నల్లజాతి మహిళ ఆమే.

అంతర్యుద్ధం ముగియగానే రిచ్మండ్ వెళ్లారు. బానిసత్వం పోయిందే గానీ, విడుదలైనవాళ్ల నాడి పట్టుకునే డాక్టర్లు కరువు. ఆ వాడల్లో వైద్యం చేస్తూనే జాతి వివక్షనూ భరించారు. బోస్టన్‌కు తిరిగొచ్చాక ఫీజు ఇచ్చుకోలేని పిల్లలకూ చికిత్స చేశారు. 1883లో తల్లుల కోసం, నర్సుల కోసం పుస్తకం రాశారు; జబ్బు రాకుండా చూసుకోవడమే అందులో ముఖ్యం.

1895లో కన్నుమూశారు. సమాధి మీద ఆమె పేరున్న రాయి 2020లో గానీ పడలేదు.