లూయీ పాశ్చరు

లోకమున కొందరు రాజ్యములను జయించి కీర్తి గడించిరి. కొందరు రోగములను జయించి మానవజాతి కృతజ్ఞతకు పాత్రులైరి. ఈ రెండవ కోవలో అగ్రగణ్యుడు లూయీ పాశ్చరు.

ఈ మహనీయుడు 1822 డిసెంబరు 27వ తేదీన ఫ్రాన్సు దేశమందలి డోల్ పట్టణమున జన్మించెను. తండ్రి తోళ్లు పదునుచేసి జీవించు కష్టజీవి. బాల్యము ఆర్బ్వా అను చిన్న ఊరిలో గడచెను. 1831లో ఆ ప్రాంతమున పిచ్చితోడేలు పలువురను కరచెను. నాడు కాటునకు మందు లేదు. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుముతో గాయమునకు వాత పెట్టెడివారు. అప్పటికి లూయీ ఎనిమిదేండ్ల బాలుడు.

పెద్దవాడై ఆయన రసాయనశాస్త్రమున ఆచార్యుడయ్యెను. పదార్థములు పులియుటకు సూక్ష్మజీవులు కారణమని నిరూపించెను. 1865లో దక్షిణ ఫ్రాన్సున పట్టుపురుగులకు తెగులు సోకి, పట్టునే నమ్ముకొన్న కుటుంబములు వీధిన పడెను. నేతవారి బిడ్డలగు మనకు ఆ దుఃఖము తెలియనిది కాదు. పాశ్చరు అచటికి పోయి, తల్లిపురుగును సూక్ష్మదర్శినితో పరీక్షించి, తెగులున్నచో దాని గ్రుడ్లను నాశనము చేయు పద్ధతిని నేర్పెను. ఆ రోజులలోనే ఇరువురు కుమార్తెలు మరణించిరి. 1868లో పక్షవాతముచే ఎడమ ప్రక్క చచ్చుబడెను. అయినను ఆయన కృషి మానలేదు.

అనంతరము ఆయన దృష్టి జలభీతి రోగముపై, అనగా రేబిస్‌పై నిలిచెను. పిచ్చికుక్క చొంగలోని విషము గాయము ద్వారా నరములలో ప్రవేశించి, మెల్లమెల్లగా మెదడును చేరును. ఇందుకు సాధారణముగా కొన్ని వారములు పట్టును. ఆ వ్యవధిలోనే దేహమునకు రక్షణశక్తి కలిగించవచ్చునని పాశ్చరు గ్రహించెను. రోగముతో చచ్చిన కుందేళ్ల వెన్నుపామును ఎండబెట్టి, విషము బలము తగ్గించి టీకా సిద్ధపరచెను.

1885 జూలై 6న తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరును తల్లి ఆయన కడకు తెచ్చెను. కాటు పడి రెండు దినములే అయ్యెను. పాశ్చరు వైద్యుడు కాడు. కావున వైద్యుని చేతనే 13 మార్లు టీకా వేయించెను. బాలుడు బ్రతికెను. అదే సంవత్సరము పదేండ్ల లూయీజ్ పెల్లెత్యే అను బాలికను కాటు పడిన 37 దినములకు తెచ్చిరి. ఆమె దక్కలేదు. మందు ఒక్కటే, భేదము కాలమున నున్నది.

1888లో పారిస్‌లో ఆయన పేర పరిశోధనాలయము వెలసెను. మన దేశమున 1900లో కసౌలీయందును, 1907లో కూనూరునందును పాశ్చరు సంస్థలు నెలకొనెను. 1895 సెప్టెంబరు 28న ఆయన పరమపదించెను. ఆ దినమే నేడు ప్రపంచ రేబిస్ దినము.

బాలబాలికలారా! షోలాపురమున మన పేటల సందులలో కుక్క కరచినను, గోటితో గీరినను, దెబ్బలకు వెరచి ఇంట దాచకుడు. వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు గాయమును కడుగుడు. కారము, సున్నము పూయరాదు. ఆ దినమే ప్రభుత్వ వైద్యశాలకు పోవలెను. తల్లిదండ్రులకు మరాఠీ రాకున్న మీరే వైద్యునికి చెప్పుడు. బొడ్డు చుట్టు పదునాలుగు సూదులు పొడుచు కాలము గతించినది. నేడు భుజమునకు కొలది సూదులే. గాయము నుండి రక్తము వచ్చినచో గాయములోనే వేరొక మందును గూడ ఎక్కింతురు. వైద్యుడు చెప్పిన తేదీలలో ఒక్కటియు తప్పరాదు. రోగలక్షణములు కనబడిన పిదప బ్రతికించు మందు నేటికిని లేదు. పాశ్చరు మనకిచ్చినది ఆ కొలది దినముల గడువు. దానిని వ్యర్థము చేయకుండుటయే ఆయనకు మనము చేయదగిన నమస్కారము.