యాసిర్ అరఫాత్: ఉద్యోగం వదిలిన ఇంజనీరు

యాసిర్ అరఫాత్ అనగానే తలమీది గళ్ల రుమాలు గుర్తొస్తుంది. ఆయన సివిల్ ఇంజనీరని మాత్రం చాలామందికి తెలియదు.

1929లో కైరోలో స్థిరపడిన ఫలస్తీనా కుటుంబంలో పుట్టారు. నాలుగేళ్ల వయసులో తల్లి చనిపోతే, బైతుల్ మఖ్దిస్‌లో మేనమామ ఇంట్లో కొన్నేళ్లు పెరిగారు. 1956లో కైరోలో ఇంజనీరింగ్ పూర్తిచేసి కువైట్ వెళ్లారు. అక్కడ ప్రజా పనుల శాఖలో ఉద్యోగం దొరికింది. స్థిరపడిపోవచ్చు. కానీ అక్కడే మిత్రులతో కలిసి ఫతహ్‌ను మొదలుపెట్టారు, తర్వాత ఇంజనీరు పనే వదిలేశారు.

1969లో పీఎల్‌వో ఛైర్మన్ అయ్యారు. 1974లో ఐక్యరాజ్య సమితిలో ప్రసంగించారు. అదే ఏడాది భారత్ పీఎల్‌వోను గుర్తించింది. అరబ్బేతర దేశాల్లో ముందు గుర్తించింది మనమే.

జోర్డాన్ వదలాల్సి వచ్చింది, 1982లో బీరూట్ కూడా. అక్కడి నుంచి ట్యూనిస్. 1993లో ఓస్లో ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది గాజాకు తిరిగొచ్చి ఫలస్తీనా అథారిటీ పగ్గాలు పట్టారు, అంతర్గత వ్యవహారాల శాఖ కూడా తన దగ్గరే ఉంచుకున్నారు. రబిన్, పెరెస్‌లతో కలిసి నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు.

అయితే బైతుల్ మఖ్దిస్ సంగతీ, శరణార్థుల సంగతీ తేలకుండానే సంతకం పెట్టారని సొంతవాళ్లే తప్పుపట్టారు. పాలనలో అవినీతి మాటలూ వినిపించాయి. దాడులను ఆపడం లేదని ఇజ్రాయెల్ ఆరోపించింది. చివరి ఏళ్లు రమల్లాలో ముట్టడిలోనే గడిచాయి.

2004 నవంబర్ 11న ప్యారిస్ దగ్గరి ఆసుపత్రిలో కన్నుమూశారు. బైతుల్ మఖ్దిస్‌లో ఖననం కావాలన్నది ఆయన కోరిక. ఇజ్రాయెల్ ఒప్పుకోలేదు. ఖబర్ రమల్లాలోనే ఉంది.